ఐదేళ్ళ అనుభవం

సెప్టెంబర్ 8, సోమవారం

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు. ఈ నోట్‌బుక్ మా ఆయన దివాకర్‌కి పాత ఆఫీసులో ఎవరో ఇచ్చారు. రెండేళ్ళుగా బియ్యం డబ్బా పక్కన పడి ఉంది. కంప్యూటర్‌లో రాసుకోవచ్చు కానీ నేను రాయబోయేది కంప్యూటర్ గురించే. తిట్టేదేదో దాని వెనకాల తిట్టుకుంటేనే హాయి.

మాక్ ఇచ్చారు. పలచగా, పూజలో పెట్టుకునే వెండి పళ్ళెంలా ఉంది. పదహారేళ్ళు విండోస్ మీద పనిచేసిన చేతులు నావి. ఇక్కడ కంట్రోల్ కీ ఉంది కానీ దాంతో ఏ పనీ కాదు. పేరు దానిది, పెత్తనం పక్కనున్న కమాండ్‌ది. మౌస్ చక్రం కిందికి తిప్పితే పేజీ పైకి పోతుంది. డిలీట్ నొక్కితే వెనక్కి చెరుపుతుంది. విండో మూసే బటన్ ఎడమవైపు పెట్టారు, ఎడమ చేత్తో అన్నం తినమన్నట్టు.

మా టీమ్ లీడ్ పేరు ప్రణీత. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. ఇక్కడే మిషిగన్‌లో పుట్టిందట. అందరి ముందు "కృష్ణవేణి" అని పిలిచింది. లంచ్ రూమ్‌లో ఎవరూ లేనప్పుడు "ఆంటీ, మీరు తిన్నావా?" అంది. నవ్వొచ్చింది, ముద్దు కూడా వచ్చింది.

వెళ్ళేముందు అడిగింది, "మాక్ ఓకే కదా? రెజ్యూమెలో ఫైవ్ ఇయర్స్ చూశాను."

ఓకే అన్నాను.

సెప్టెంబర్ 9

మూడు సార్లు ప్రోగ్రామ్ మూశాను. అది మూసుకోలేదట. కళ్ళముందు నుంచి పోయిందంతే, లోపల నడుస్తూనే ఉందట.

సెప్టెంబర్ 10, బుధవారం

ఆ లైను సంగతి రాయకూడదనుకున్నాను. ఎవరు చదువుతారు గనక, రాస్తాను.

మార్చిలో దివాకర్ ఉద్యోగం పోయింది. నా మీద డిపెండెంట్‌గా హెచ్-4 వీసాకి మారాడు. జూలైలో కార్ల సీట్లు చేసే మా కంపెనీ మాన్యువల్స్ రాసే మా డిపార్ట్‌మెంట్‌నే ఎత్తేసింది. అంటే నాకొక ఉద్యోగం, దాంతో నా హెచ్-1 వీసా ఉంటేనే ముగ్గురం ఈ దేశంలో ఉంటాం. ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులు గడువు. మా అమ్మాయి దియ పదకొండో క్లాసు. నలభై ఎనిమిదో రోజున కన్సల్టెన్సీ నడిపే గోపాల్ గారు ఫోన్ చేశారు.

"అమ్మా, ట్రాయ్‌లోనే ఒక ప్రాజెక్ట్ ఉంది. కార్ల రిపేర్ మాన్యువల్స్. వాళ్ళంతా మాక్‌లో చేస్తారట. రెజ్యూమెలో ఒక లైన్ యాడ్ చేశాను, చూసుకోండి."

"నేను మాక్ ఎప్పుడూ ముట్టుకోలేదండీ."

"కారు మారితే డ్రైవింగ్ మర్చిపోతామా అమ్మా? అందరూ పెట్టుకునేదే. టూ వీక్స్‌లో అదే వస్తుంది. ప్రాజెక్ట్ ఉన్నన్నాళ్ళే మీ హెచ్-1 నేను నడపగలను, పని లేకుండా కూర్చోబెట్టి జీతమివ్వడానికి మా దగ్గర బెంచ్ లేదు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికి పన్నెండు రోజులుండగా ఒక్క రాత్రి కూడా ఆలోచించలేదు. 'మాక్ – ఐదేళ్ళు'. ఒక్క లైను. మిగతా రెజ్యూమె అంతా నిజమే. నిజంగా నిజమే.

దాని ఫలితం, ఇప్పుడు ఎవర్నీ ఏమీ అడగలేను. కొత్త అని చెప్పుకుంటే ఒక్క పూటలో ఎవరైనా నేర్పుతారు. ఐదేళ్ళ అనుభవజ్ఞురాలు రైట్ క్లిక్ ఎలా చేయాలో అడగకూడదు కదా. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

సెప్టెంబర్ 12

ఫైలు మీద ఎంటర్ నొక్కితే తెరుచుకోదు. పేరు మార్చమంటుంది. నేను చూసుకోలేదు, టైప్ చేసుకుంటూ పోయాను. బ్రేక్ పెడల్ బొమ్మ పేరు ఇప్పుడు "dear team".

సెప్టెంబర్ 16, మంగళవారం

నా పక్క సీటు వాల్ట్‌ది. అరవై ఆరేళ్ళు. కారు లోపలి భాగాలన్నీ ఎలక్ట్రానిక్ పెన్నుతో గీస్తాడు. బ్రేక్ డ్రమ్ విప్పి పరిచినట్టు, ఏ స్ప్రింగు ఎక్కడ కూర్చోవాలో కళ్ళకి కట్టినట్టు గీస్తాడు. డిసెంబర్‌లో రిటైర్ అవుతున్నాడు. ఈ బ్రేకుల మాన్యువల్ తన ఆఖరి పుస్తకమని, చివరి పేజీలో తన పేరు వేస్తామన్నారని మొదటి రోజే చెప్పాడు. జూన్‌లో పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేశాడని ప్రణీత చెప్పింది. అప్పట్నుంచి ఏది సేవ్ చేసినా రెండుసార్లు చూసుకుంటాడు.

అతన్ని తెలివిగా అడిగాననుకున్నాను, "నువ్వు స్క్రీన్‌షాట్ ఎలా తీస్తావు? ఒక్కొక్కరూ ఒక్కోలా తీస్తారు కదా."

ఒకటే పద్ధతి ఉందన్నాడు. మూడు వేళ్ళు ఒకేసారి. నేనది తెలిసినట్టే తల ఊపి, బాత్రూమ్‌లోకి వెళ్ళి మర్చిపోకముందే ఫోన్‌లో రాసుకున్నాను. రోజుకి నాలుగు సార్లు బాత్రూమ్‌కి వెళ్తున్నాను. నాకు షుగర్ ఉందనుకుంటున్నారేమో.

సెప్టెంబర్ 22

దివాకర్‌తో చెప్పుకుని ఏడిస్తే రీస్టార్ట్ చెయ్ అన్నాడు.

"దేన్ని?"

"కంప్యూటర్‌ని."

నేను ఇంకేదో అనుకున్నాను.

రెండు వారాలయింది గోపాల్ గారూ, అదే రాలేదు. అలవాటు లేని ఔపాసన చేస్తే మీసాలు కాలాయట. నాకు మీసాలు లేవు కనక బతికిపోయాను.

సెప్టెంబర్ 25

ఇవాళ ఏమీ జరగలేదు. దేవుడున్నాడు.

అక్టోబర్ 1, బుధవారం

ఆయుధపూజ. దివాకర్ కారుకి నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. దియ తన కాలిక్యులేటర్ పెట్టింది. నేను మాక్ పెట్టాను. ఆఫీసుదైతేనేం, అన్నం పెట్టేది అదే. మనసులో మాత్రం, ఇకనైనా నా మాట వినవే తల్లీ అని వేడుకున్నాను. ప్రాణం ఉండేది అక్కడే కదా అని పవర్ బటన్ మీద తడి కుంకుమ బొట్టు పెట్టాను. చక్కగా, గుండ్రంగా.

అక్టోబర్ 2

పవర్ బటనే వేలిముద్ర చూసే బటన్.

పొద్దున్న ఆఫీసులో ఎంత నొక్కినా మాక్ తలుపు తియ్యదు. పాస్‌వర్డ్ ఎప్పుడో మొదటి రోజు పెట్టాను, గుర్తు లేదు. వేలికి కుంకుమ, బటన్‌కి కుంకుమ. చుడీదార్‌తో తుడిస్తే దానికీ కుంకుమ. వాల్ట్ వచ్చి కళ్ళద్దాల గుడ్డతో బటన్ తుడిచిపెట్టాడు. ఏమిటీ ఎరుపు అని అడిగాడు. చెప్పాను. మా పనిముట్లకి ఏడాదికొకసారి దండం పెట్టుకుంటామని, అవి మనకి తోడుండాలని.

తర్వాత తన పెన్ను తెచ్చి, దీనికీ పెడతావా, ఇంకో మూడు నెలలు ఇది తోడుంటే చాలు అన్నాడు. బ్యాగులో పూజ పొట్లం ఉంది. పెన్ను వెనక కొసన చిన్న బొట్టు పెట్టాను. రోజంతా దాంతోనే గీశాడు.

ఈ ఆఫీసులో మొదటిసారి సంతోషంగా అనిపించింది.

అక్టోబర్ 9, గురువారం

ఇవాళ రాయను.

అక్టోబర్ 10

రాస్తాను, రాస్తే తేలుతుందేమో.

నిన్న సాయంత్రం నేను సరిచేసిన పద్నాలుగు బొమ్మలు 'బ్రేక్స్' అనే నా ఫోల్డర్‌లో ఉన్నాయి. సర్వర్‌లో కూడా 'బ్రేక్స్' ఉంది, అందులో టీమ్ అందరి బొమ్మలూ ఉంటాయి, మూడొందలకి పైనే. నా ఫోల్డర్‌ని తీసుకెళ్ళి అక్కడ పడేశాను. ఆ పేరుతో ఒకటి ఉంది, రీప్లేస్ చేయనా అని అడిగింది. విండోస్ కూడా అలాంటిదే అడుగుతుంది. అవునంటే పాతవాటిలో కొత్తవి కలుపుతుంది. పదహారేళ్ళుగా అవునంటూనే ఉన్నాను. అవునన్నాను.

ఇది కలపదు. పాత ఫోల్డర్‌ని మొత్తంగా తీసేసి, కొత్తదాన్ని పెడుతుంది. చూస్తే లోపల పద్నాలుగే ఉన్నాయి.

కమాండ్ జెడ్ కొట్టాను. కంట్రోల్ జెడ్ కూడా కొట్టాను, చేతకాక. ఏమీ తిరిగి రాలేదు. అందరూ వెళ్ళిపోయారు. నేనూ బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాను.

ఇవాళ తెలిసింది. ఆదివారం నాటి బ్యాకప్ ఉందట, చాలావరకు వచ్చాయి. సోమవారం నుంచి గురువారం దాకా వాల్ట్ గీసినవి నలభై ఒకటి పోయాయి. మిగతావన్నీ దొరికాయి. చాలావరకు దొరికినట్టే.

అక్టోబర్ 13, సోమవారం

మీటింగ్. ప్రణీత అడిగింది, "గురువారం ఈవెనింగ్ ఫోల్డర్ ఎవరైనా మూవ్ చేశారా?" గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి మౌస్ మీంచి జారింది. ఎవరూ చూడలేదు.

ఐటీ అబ్బాయి అన్నాడు, మాక్ మీద ఒక్క ఏడాది పనిచేసినవాళ్ళెవరూ ఆ బటన్ నొక్కరని, మతిమరుపు ఉంటే తప్ప. ఎవరూ వాల్ట్ వైపు చూడలేదు. చూడకపోవడంలోనే తెలిసింది.

వాల్ట్ చెయ్యెత్తాడు. గురువారం చివర్లో నేనే సేవ్ చేశాను, నేనే అయ్యుంటాను, క్షమించండి అన్నాడు.

లంచ్ రూమ్‌లో ప్రణీత చెప్పింది, "ఐటీ వాళ్ళు లాగ్స్ చూడమంటారా అన్నారు ఆంటీ. వద్దు అన్నాను. పాపం, ఒప్పుకున్నాడు కదా, ఇంకా ఎందుకు ఆయన్ని హర్ట్ చేయడం? హెచ్‌ఆర్ వాళ్ళు డిసెంబర్ దాకా ఆగకుండా ఈ మంత్‌కే రిటైర్ అవమంటున్నారు."

అంటే ఎవరి కంప్యూటర్ నుంచి జరిగిందో చెప్పే ఆ లాగ్స్ ఎవరూ చూడరు. నేను భోజనం పూర్తిగా తిన్నాను. డబ్బా కడిగాను కూడా.

అక్టోబర్ 13, మళ్ళీ

నిజానికి వాల్ట్ కూడా అదే సమయంలో సేవ్ చేశానన్నాడు. నేను చేసినదానికే పోయాయని గ్యారంటీ ఏముంది? ఇద్దరం చేసి ఉండొచ్చు. అతను ఎలాగూ రెండు నెలల్లో వెళ్ళిపోయేవాడే. నా మీద ముగ్గురి వీసా. దియకి వచ్చే ఏడు కాలేజీ దరఖాస్తులు. ఎవరిని అడిగినా ఇదే చెప్తారు.

ఎవరినీ అడగను.

అక్టోబర్ 14

కొత్త మాక్ షార్ట్‌కట్లు రెండు నేర్చుకున్నాను. పని బాగానే సాగింది. వాతావరణం చల్లబడింది. దియ జాకెట్ కొనమంది.

వాల్ట్ నలభై ఒక్క బొమ్మలూ మళ్ళీ గీస్తున్నాడు. నాతో అన్నాడు, ఎంత ఆలోచించినా ఆ బటన్ నొక్కినట్టు గుర్తు రావడం లేదు, చెరిపినందుకు కాదు, గుర్తు రానందుకు భయంగా ఉంది అని. వాళ్ళ నాన్నకి కూడా ఇలాగే మొదలైందట. వాళ్ళావిడ ఈ గురువారానికి మెదడు డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుందట. నవ్వుతూనే చెప్పాడు. నీ ఎర్ర బొట్టు నా మీద పనిచేయలేదు అన్నాడు.

ఇది పైన రాసిన వాతావరణం కంటే ముందు రాయాల్సింది.

అక్టోబర్ 15, బుధవారం

చెప్పేశాను.

పొద్దున్నే ప్రణీత గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. ఆ ఫోల్డర్ నేను రీప్లేస్ చేశాను, వాల్ట్ కాదు అన్నాను.

"మీరా? ఫైవ్ ఇయర్స్ మాక్ చేశారు కదా ఆంటీ. మీకు అది తెలియదా?"

"సెప్టెంబర్ ఎనిమిదికి ముందు నేను మాక్ ముట్టుకోలేదమ్మా. ఆ లైను అబద్ధం."

"మీరు రాశారా అది?"

"నేను రాయలేదు. తీసెయ్యమనీ అనలేదు."

ఆఫీసులో ఆ పిల్లని అమ్మా అన్నది అదే మొదటిసారి. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా సిగ్గు వేసింది. మా దియ పదేళ్ళు పెద్దదైతే ఇలాగే కూర్చుని నన్ను చూసేది.

"ఎందుకు చెప్పావు ఆంటీ? నేను అడగలేదు. లాగ్స్ కూడా వద్దన్నాను."

"రేపు ఆయన మెదడు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడు."

"జస్ట్ ఫోల్డర్ మిస్టేక్ అయితే నేను మేనేజ్ చేసేదాన్ని. రెజ్యూమె అంటే హెచ్‌ఆర్‌కి చెప్పాలి. తెలుసు కదా?"

తెలుసన్నాను.

తర్వాత వాల్ట్‌కి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. పెన్ను కింద పెట్టాడు. అయితే నేను కాదన్నమాట అన్నాడు. అదే మాట ఇంకోసారి అన్నాడు. ఫోన్ తీసుకుని వాళ్ళావిడకి చేస్తూ బయటికి వెళ్ళాడు. వెళ్తూ ఆగి, నీ మీద నాకు కోపం ఉంది, కానీ దానికి ఇప్పుడు టైమ్ లేదు అన్నాడు.

అక్టోబర్ 15, ఇల్లు

దివాకర్‌కి అంతా చెప్పాను. అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"చెప్పేముందు ఒక్క మాట నన్ను అడగాల్సింది వేణీ."

"అడిగితే వద్దనేవాడివి."

"అనేవాడినే."

తిన్నాక గిన్నెలన్నీ తనే కడిగాడు. అది కోపమో, ఏమిటో.

అక్టోబర్ 17

హెచ్‌ఆర్ నిర్ణయం. వచ్చే శుక్రవారం నా ఆఖరి రోజు. వాల్ట్ డిసెంబర్ దాకా ఉంటాడు.

గోపాల్ గారు ఫోన్ చేశారు. "మిమ్మల్ని ఎవరు అడిగారమ్మా? నా క్లయింట్ పోయాడు. పదిమంది కాండిడేట్స్ పొట్ట కొట్టారు మీరు. ఇక నా పేరు ఎక్కడా చెప్పకండి."

ఆయన పదిమంది అన్నది నిజమే కావచ్చు. ఆ లైను రాసింది మీరు కదా అని అనబోయి ఊరుకున్నాను. ఉంచుకున్నది నేను.

అక్టోబర్ 21, మంగళవారం

నిన్న దీపావళి. రెండు ప్రమిదలు పెట్టి ఊరుకున్నాం.

ఇవాళ వాల్ట్ కుర్చీ నా పక్కకి లాక్కున్నాడు. ఇంక దాచడానికి ఏమీ లేదు కదా, అడుగు అన్నాడు. అడిగాను. రైట్ క్లిక్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. రెండు ఫోల్డర్లు చెడకుండా కలపడం ఎలాగో అడిగితే పగలబడి నవ్వాడు. అంత నవ్వు ఈ ఆఫీసులో వినలేదు. ఆరు వారాలు బాత్రూమ్‌లో చదువుకున్నది ఒక్క పూటలో వచ్చేసింది. ఇంత సులువని ముందే తెలిసుంటే. తెలిసుంటే ఏమిటి, అడిగుంటే.

ఇద్దరం కలిసి నలభై ఒకటి పూర్తిచేశాం. అతను గీశాడు, నేను పేర్లు పెట్టి సర్దాను.

అక్టోబర్ 24, శుక్రవారం

కంప్యూటర్ తిరిగి ఇచ్చాను. పవర్ బటన్ అంచున ఇంకా సన్నటి ఎరుపు గీత ఉంది, గోరుతో గీకినా పోలేదు. ప్రణీత చూసి, ఉండనీ ఆంటీ అంది.

అక్టోబర్ 28, మంగళవారం

మళ్ళీ అరవై రోజులు. ఇవాళ నాలుగోది.

ఇంట్లోని పాత విండోస్ లాప్‌టాప్ తీసి దుమ్ము దులిపాను. పుట్టింటికి వచ్చినంత సంబరపడ్డాను. రెజ్యూమె తెరిచి ఆ లైను దగ్గరికి వెళ్ళాను. దివాకర్ నా వెనక నిలబడి చూస్తున్నాడు.

"అది తీసెయ్. అసలు మాక్ మాటే వద్దు" అన్నాడు.

తీసేశాను. కాసేపు ఆ ఖాళీ చూశాను. తర్వాత అక్కడే 'మాక్ – ఏడు వారాలు' అని రాశాను.

"వారాలు ఎవరైనా రాస్తారా వేణీ? ఎందుకు వదిలేశారని అడుగుతారు."

"అడగనీ. చెప్తాను."

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. సేవ్ చెయ్ అన్నాడు.

కమాండ్ ఎస్ కొట్టాను. సేవ్ కాలేదు. నా బొటనవేలు ఆల్ట్ మీద ఉంది, మాక్‌లో కమాండ్ ఉండే చోట. మళ్ళీ కొట్టాను, మళ్ళీ ఆల్టే. పదహారేళ్ళ కీబోర్డు, ఒక్క కీ కూడా నా వేళ్ళకి తెలిసినట్టు లేదు.

"కంట్రోల్ ఎక్కడ?" అని అడిగాను.

దివాకర్ వేలు పెట్టి చూపించాడు.